నిరీక్షణ యొక్క ఖైదీలు

పఠనభాగము: జెకర్యా 9:9-12, ఫిలిప్పీయులకు 1:12-20

మట్టల ఆదివారమున మన సంఘములన్నిటిలో జెకర్యా గ్రంథము తొమ్మిదవ అధ్యాయము తెరవబడును. గాడిదపిల్లపై దీనుడై వచ్చు రాజును గూర్చిన వచనము చదివి, మట్టలు చేతబట్టి, హోసన్న పాడి, పుస్తకము మూసివేయుదుము. ఇంకొక రెండు మూడు వచనములు ముందుకు పోయిన యెడల, ఆ రాజును పంపిన దేవుడు ఎవరితో మాటలాడుచున్నాడో మనకు కనబడును. నీరులేని గోతిలో పడియున్న వారితో ఆయన మాటలాడుచున్నాడు. ఊరేగింపు చూచుటకు వీధికి రాలేనివారు వారు.

హెబ్రీ మూలములో వారికొక వింత పేరున్నది: "అసీరే హత్తిక్వా". మాటకు మాట చెప్పవలసిన యెడల "నిరీక్షణ యొక్క ఖైదీలు" అని అర్థము. మన తెలుగు బైబిలు అనువాదకులు దీనిని రెండుగా విడదీసి, వారు బంధకములలో నున్నను నిరీక్షణ గలవారు అను భావము వచ్చునట్లు వ్రాసిరి. తెలుగు నుడికారమునకు అది చక్కగానే యున్నది. నేను దానిని తప్పు పట్టుటలేదు. అయినను మూలములోని వింత అందులో కొంత తగ్గినది. వారిని పట్టి కట్టినదెవరని అడిగిన యెడల ప్రవక్త బబులోను పేరు చెప్పడు. నిరీక్షణ పేరు చెప్పుచున్నాడు.

మరియు "తిక్వా" అను ఆ మాటకే త్రాడు అను అర్థము కూడ కలదు. యెరికో పట్టణములో రాహాబు తన కిటికీకి కట్టవలసిన యెఱ్ఱని దారమును గూర్చి యెహోషువ 2:18లో వాడబడిన మాట ఇదే. త్రాటితో మనుష్యులను బంధింతురు. త్రాటితోనే గోతిలోనివారిని పైకి లాగుదురు. బురద గోతిలో దిగబడిన యిర్మీయాను కూషీయుడైన ఎబెద్మెలెకు పైకి తీసినది త్రాళ్లతోనే గదా! చంకలు నొరసికొనిపోకుండ పాత గుడ్డపేలికలను కూడ అతడు జారవిడిచెను. లేఖనములలో ఇంత సుకుమారమైన సంగతులు ఉన్నవని మనము తరచుగా మరచిపోవుదుము.

ఈ పేరునకు తగిన యొకని జీవితమును ఈ యేట పాఠకుల ముందుంచ గోరుచున్నాను. ఆయన వియత్నాం దేశస్థుడు, రోమను కథోలిక సంఘమునకు చెందిన బిషప్పు. మన తెలుగు కథోలిక సహోదరుల మాటలో మేత్రాణులు. పేరు ఫ్రాన్సిస్ జేవియర్ న్గుయెన్ వాన్ థువాన్. పదమూడు సంవత్సరములు కమ్యూనిస్టు ప్రభుత్వపు చెరలో నుండెను. అందులో తొమ్మిది సంవత్సరములు ఒంటరి నిర్బంధము. ఆయనపై న్యాయస్థానములో విచారణ జరుగలేదు, తీర్పు చెప్పబడలేదు.

రోమను బిషప్పును గూర్చి మన పుటలలో వ్రాయుటేమని కొందరు అనుకొనవచ్చును. చైనా చెరలో 1972లో కన్నుమూసిన వాచ్‌మన్ నీ గ్రంథములు మన యిండ్లలో నున్నవి. రుమేనియా దేశపు లూథరన్ బోధకుడు రిచర్డ్ వుర్మ్‌బ్రాండు పదునాలుగేండ్ల కారాగార చరిత్ర మనలో అనేకులు ఎరిగినదే. మనవారి సంకెళ్లు మనకు జ్ఞాపకమున్నవి. అయితే హెబ్రీయులకు వ్రాయబడిన పత్రిక 13:3లో బంధకములలోనున్న వారిని జ్ఞాపకముంచుకొనుమని ఆజ్ఞాపించిన పత్రికాకర్త, వారు ఏ సంఘపు రిజిస్టరులో నున్నారో ముందుగా విచారించుమని చెప్పలేదు. సంస్కరణోద్యమము మనకు నేర్పిన సంగతులను ఎంతమాత్రమును విడువక, ఈ మనుష్యుని మాట వినవచ్చును. ఆయన మరియమ్మ యెడల చూపిన భక్తిలోను, జపమాలలోను నేను ఆయనతో ఏకీభవింపలేను. ఆయన చెరలో చేసిన యొక పని చూచినప్పుడు మాత్రము, మన పితరులైన సంస్కర్తలు కూడ లేచి నిలువబడుదురని నా తలంపు. ఆ సంగతి తరువాత చెప్పెదను.

ఆయన 1928 ఏప్రిల్ 17న మధ్య వియత్నాంలోని హ్యూ పట్టణమున జన్మించెను. పందొమ్మిదవ శతాబ్దమున ఆ దేశపు రాజులు క్రైస్తవులను హింసించిన దినములలో శ్రమలననుభవించిన కుటుంబము వారిది. తండ్రి విశ్వాసము నిమిత్తము చెరలోనుండగా, వాన్ థువాన్ ముత్తాత బాలుడైయుండి ప్రతి దినము బహుదూరము నడిచి ఆయనకు అన్నమును ఉప్పును మోసికొని పోయెనట. ఇట్టి కథలు వినుచు పెరిగిన బిడ్డ 1953లో గురువుగా అభిషేకము పొందెను. 1959లో రోమాలో సంఘ ధర్మశాస్త్రమున డాక్టరు పట్టము సంపాదించెను. 1967లో న్యా చాంగ్ మేత్రాసనమునకు బిషప్పాయెను. ప్రతి బిషప్పును ఒక ధ్యేయవాక్యమును ఎన్నుకొనుట వారి ఆచారము. రెండవ వాటికన్ మహాసభ 1965లో వెలువరించిన యొక పత్రపు తొలి పలుకులైన సంతోషము, నిరీక్షణ అను రెంటిని ఆయన ఎన్నుకొనెను. అప్పటికి ఆ రెండవ మాటకు వెల యెంతో ఆయనకు తెలియదు.

ఒక సంగతి దాచకుండ చెప్పవలెను. దక్షిణ వియత్నాం మొదటి అధ్యక్షుడైన న్గో దిన్ జియెం ఆయన తల్లికి సోదరుడు. ఆ పరిపాలనలో బౌద్ధులు అన్యాయమునకు గురియైరి. 1963 నవంబరు 2న సైనిక తిరుగుబాటులో జియెం చంపబడెను. కాబట్టి క్రొత్త ప్రభుత్వము వాన్ థువాన్‌ను చూచినప్పుడు ఒక బిషప్పును మాత్రమే కాక, తాము ద్వేషించిన కుటుంబపు మేనల్లుని కూడ చూచెను. ఇది ఆయనను బంధించుటకు న్యాయమైన కారణము కానేరదు. అయినను చరిత్రను సగము చెప్పి సాక్ష్యమని పేరు పెట్టుట మనకు తగదు.

ఆ మాటతోపాటు ఇంకొకటి. మన తెలుగు దేశములో ఎఱ్ఱజెండా పట్టిన వారిలో మన రక్తసంబంధులున్నారు. భూమిలేని కూలివాని పక్షమున, పాలేరు పక్షమున సంఘము నోరు మూసికొనియున్నప్పుడు వారు నోరు తెరచిరి; కొందరు ప్రాణమునే యిచ్చిరి. ఈ బిషప్పు జీవితమును వారి మీద విసరుటకు రాయిగా ఎవరును ఎత్తుకొనకుందురు గాక. ఆయన తానే అట్లు చేయలేదు. విడుదలయైన తరువాత ఆయన రోమాలో అధ్యక్షత వహించిన కార్యాలయము న్యాయ శాంతుల కొరకైనది. బీదల పక్షమున ఋణభారముతో క్రుంగిన దేశముల పక్షమున ఆయన మాటలాడెను. తన సంఘపు సామాజిక బోధను ఒక గ్రంథముగా కూర్చు పని ఆయన పర్యవేక్షణలో ఆరంభమై, మరణానంతరము 2004లో వెలువడెను.

ఇక చెర సంగతి. 1975 ఏప్రిల్ 24న పోపు ఆరవ పౌలు ఆయనను సైగోను అగ్రపీఠమునకు సహాయ ఆర్చిబిషప్పుగా, పీఠాధిపతి తరువాత ఆ స్థానమునకు రావలసినవానిగా నియమించెను. ఆరు దినములకు, అనగా ఏప్రిల్ 30న, సైగోను పడిపోయెను. ఆగస్టు 15న అధికారులు ఆయనను అధ్యక్ష భవనమునకు పిలిపించి బంధించిరి. ఒంటిమీది అంగీయు జేబులోని జపమాలయు తప్ప ఆయన వెంట ఏమియు లేదు. ఆ రాత్రి పోలీసు వానితోకూడ కారులో 450 కిలోమీటర్లు ప్రయాణము. తాను ఎనిమిదేండ్లు కాపరిగా తిరిగిన న్యా చాంగ్ ప్రాంతమునకే ఆయనను ఖైదీగా తీసికొనిపోయిరి. నలువది యేడేండ్ల వయస్సు. దేహబలమును అనుభవమును సమృద్ధిగా నున్న కాలము. చేయుటకు చేతులు లేవు.

అప్పుడు ఆయనకు జేమ్స్ వాల్ష్ అను అమెరికా బిషప్పు జ్ఞాపకమునకు వచ్చెను. ఆ వృద్ధుడు 1958లో చైనాలో బంధింపబడి 1970లో విడిపింపబడెను. తన జీవితములో సగము ఎదురుచూచుటలోనే గడచిపోయెనని ఆయన చెప్పినట్లు వాన్ థువాన్ వినియుండెను. ఖైదీలందరును అట్లే యుందురు. ప్రతి నిమిషము తలుపు చప్పుడుకొరకు చెవియొగ్గి యుందురు. వాన్ థువాన్ అందుకు విరోధమైన నిశ్చయమొకటి చేసికొనెను: తాను ఎదురుచూడడు, చేతిలోనున్న క్షణమును ప్రేమతో నింపుచు జీవించును.

ఈ నిశ్చయమును తెలుగున వ్రాయబూనిన అనువాదకుని కలము ఇచ్చట ఆగిపోవును. "నేను నిరీక్షింపను" అని వ్రాయవచ్చునా? మన వాడుకలో నిరీక్షించుట యనగా ఎదురుచూచుటయే. నిఘంటువులును అదే చెప్పును. కాని బైబిలు తెలుగులో నిరీక్షణ అనునది విశ్వాసము ప్రేమలతో కలసి నిలుచు మూడింటిలో నొకటి, గ్రీకులో "ఎల్పిస్". "నేను నిరీక్షింపను" అని వ్రాసిన యెడల, నిరీక్షణను గూర్చి గ్రంథము వ్రాసిన మనుష్యుడు నిరీక్షణను త్రోసివేసినట్లగును! "ఆశ" అని వ్రాయుదమన్న, అది ధనాశకును రాజ్యాశకును చుట్టము. పూర్వపు అనువాదకులకు ఈ చిక్కు తెలియును. రోమీయులకు 8:25లో ఒకే వాక్యమున రెండును వచ్చినప్పుడు, మొదటిదానికి నిరీక్షణ అనియు రెండవదానికి కనిపెట్టుట అనియు వేరువేరు మాటలు వాడిరి.

కాబట్టి ఇట్లు చెప్పెదను. వాన్ థువాన్ కనిపెట్టుట మానెను, నిరీక్షణను మానలేదు. ఈ రెండును ఒకటేయని మనలో చాలమంది అనుకొనుచున్నాము. విడుదల వచ్చు దినముకొరకు బ్రదుకును వాయిదా వేయుట నిరీక్షణ కాదు. యిర్మీయా కాలమున హనన్యా అను ప్రవక్త రెండు సంవత్సరములలో చెర ముగియునని చెప్పి జనుల చేత చప్పట్లు కొట్టించుకొనెను. యిర్మీయా అయితే బబులోనుకు ఉత్తరము వ్రాసి, ఇండ్లు కట్టుకొనుడి, తోటలు నాటుడి, పిల్లలకు పెండ్లిండ్లు చేయుడి, ఆ పట్టణ క్షేమముకొరకు ప్రార్థించుడి అని బోధించెను. హనన్యా చెప్పినది వినుటకు ఇంపుగా నున్నను, దానిని నమ్మినవారు రెండేండ్లు మూటలు విప్పకయే కూర్చుండియుందురు.

బిలాస్‌పూర్‌లో కూర్చుండి ఇది వ్రాయుచున్నాను గనుక మూటల మాట ఊరక రాలేదు. బంగాళ-నాగపూర్ రైల్వే దినములనుండి తెలుగు కుటుంబములు ఈ పట్టణమునకు వచ్చి కాపురమున్నవి. గోల్ బజార్‌లో ఒక సాయంత్రము తిరిగిన యెడల, కూరగాయల బేరము హిందీలోను, ఆ బేరము మీది వ్యాఖ్యానము తెలుగులోను వినవచ్చును. మూడవ తరము పిల్లలు ఇంట తెలుగు మాటలాడుదురు గాని తెలుగు చదువలేరు. తాతగారి బైబిలు వారికి పటములోని వస్తువువంటిది. ఇక పెద్దలమో? ట్రాన్స్‌ఫర్ వచ్చిన తరువాత, రిటైరయిన తరువాత, ఊరిలో ఇల్లు కట్టిన తరువాత అని చెప్పుకొనుచు, కుటుంబ ప్రార్థనను, పొరుగువానితో సమాధానమును, సంఘములో చేయవలసిన సేవను ముప్పది సంవత్సరములు ప్లాట్‌ఫారము మీద నిలువబెట్టితిమి. స్టేషనులో "ప్రతీక్షాలయ్" అని హిందీలో బోర్డు వ్రాసిన గది యొకటి యున్నది. అందులో ఎవరును గోడకు మేకు కొట్టరు, తులసి మొక్కయైనను నాటరు. కొన్ని సంఘములు అట్టి గదులవలె నున్నవని చెప్పిన యెడల మిత్రులు నొచ్చుకొనకుందురు గాక. ఖరగ్‌పూర్‌లోనైనను, నాగపూర్‌లోనైనను, దుబాయిలోనైనను మనవారి స్థితి ఇంతకంటె వేరుగా నున్నదని నేను వినలేదు.

వాన్ థువాన్ ఏమి చేసెనో చూడుడి. 1975 అక్టోబరులో, గృహనిర్బంధమున నుండగా, ప్రాతఃకాల ఆరాధననుండి ఇంటికి పోవుచున్న ఏడేండ్ల బాలుని ఆయన పిలిచి, పాత కేలండరు కాగితములు తెచ్చిపెట్టుమని తల్లితో చెప్పుమనెను. బాలుడు తెచ్చెను. చెరలోనుండి సంఘములకు పత్రికలు వ్రాసిన పౌలును తలంచుకొని, ఆయన రాత్రివేళలలో ఆ కాగితముల వెనుకప్రక్కన చిన్న చిన్న ధ్యానములు వ్రాసెను. తెల్లవారక మునుపే బాలుడు వచ్చి వాటిని తీసికొనిపోయి అన్నదమ్ములచేత అక్కచెల్లెండ్రచేత ప్రతులు వ్రాయించెను. ఒకటిన్నర నెలలో 1001 ధ్యానములాయెను. నిరీక్షణ మార్గమను పేర ఆ గ్రంథము తరువాత దేశదేశములకు పోయెను. అయిపోయిన దినముల కేలండరు ఎవరికి కావలెను? చింపి పొట్లములు కట్టుదుము. గడచిపోయిన తేదీల వెనుకనున్న తెల్లని భాగము ఆయనకు చాలెను.

తరువాతి సంవత్సరము కథ ఇంత సొగసుగా లేదు. 1976 మార్చిలో ఆయనను ఒంటరి కొట్టునకు మార్చిరి. కిటికీలేని గది, ఎండకు ఊపిరాడని ఉక్క, పరుపు మీద బూజు పుట్టగొడుగులు మొలచునంత తేమ. కొన్నిసార్లు రాత్రింబగళ్లు దీపము, కొన్నిసార్లు రాత్రింబగళ్లు చీకటి. ఊపిరికొరకు నేలమీద పడుకొని తలుపు క్రింది సందు దగ్గర ముఖము పెట్టుకొనెను. వాన నీటితోకూడ పురుగులు ఆ సందునుండియే లోపలికి వచ్చేవి. ప్రార్థింపజాలని దినములుండెనని, ప్రభువు నేర్పిన ప్రార్థననైనను తుదముట్ట చెప్పలేకపోయితినని ఆయనయే చెప్పెను. ఈ మాట మనము దాటిపోరాదు. సాక్ష్యములు చెప్పువారు చాలసార్లు ఈ భాగమును విడిచి విజయమునకే పరుగెత్తుదురు. దాని ఫలితముగా, ప్రార్థన రాని రోగి తనకు విశ్వాసమే లేదనుకొని క్రుంగిపోవును.

ఆ కొట్టులో ఆయనను శరీర బాధకంటె ఎక్కువగా పీడించినది మరియొకటి. మేత్రాసనము, గురు విద్యాలయములు, యౌవనుల శిక్షణ, ఆరంభించి అరకొరగా విడిచిన పనులు, అన్నియు తనవలననే పాడైపోవుచున్నవను దుఃఖము నిద్రపోనియ్యలేదు. ఒక రాత్రి ఆయన హృదయములో ఒక స్వరము వినబడెను. నీవు చేయుచుండినవి దేవుని పనులు. అవి దేవుడు కావు. వాటిని విడువుమని ఆయన చెప్పిన యెడల విడువుము, ఆయన నీకంటె మేలైన వారికి అప్పగించుకొనును. నీవు దేవుని ఎన్నుకొంటివి గాని ఆయన పనులను కాదు, అను భావముతో ఆ స్వరము పలికెను. అప్పటినుండి ఆయన మనస్సు నెమ్మది పొందెను.

ఈ భేదమును గూర్చి వేదాంత పాఠశాలలో మేము సంవత్సరములకొలది బోధించినను, అది విద్యార్థుల నోటుబుక్కులోనికి పోవును గాని అంతకంటె లోనికి పోదు. పాస్టరుగారు బదిలీ అగుట, సండే స్కూలు పెద్దమ్మ కీళ్లవాతముతో మంచము పట్టుట, ఇరువదేండ్లు గానబృందమును నడిపిన వానిని క్రొత్త కమిటీ ప్రక్కకు పెట్టుట వంటి దినములలో అది కొంత తెలియవచ్చును. చేయుచున్న సేవయే దేవుడైనప్పుడు, సేవ పోయిన దినమున దేవుడును పోవును. వాన్ థువాన్ గోతిలో తెలిసికొన్నది ఇది. అంతకు ముందు ఎనిమిదేండ్లు ఆయన మంచి బిషప్పుగానే యుండెను.

1976 డిసెంబరులో దాదాపు 1500 మంది ఖైదీలతోపాటు ఆయనను ఓడ అడుగు భాగమున ఉత్తర దేశమునకు పంపిరి. సంకెళ్లు, చీకటి, ఆకలి. నిరాశతో ఉరిపోసికొనబోయిన యొకని యొద్దకు ఆయన ప్రాకిపోయి మాటలాడెను. వచ్చినవారిలో క్రైస్తవులు కానివారే అనేకులు. ఈ ఓడయే ఇప్పుడు తన దేవాలయమనియు, ఈ జనులే తన మందయనియు ఆయన గ్రహించెను. న్యా చాంగ్‌లో పోగొట్టుకొన్నదానికై ఏడ్చిన కాపరికి దేవుడు అడుగకుండగనే క్రొత్త విచారణ నిచ్చెను.

ముందు వాగ్దానము చేసిన సంగతి ఇప్పుడు చెప్పెదను. చెరలోనికి బైబిలు తీసికొనిపోవుటకు ఆయనకు వీలు లేకపోయెను. కాబట్టి దొరికిన కాగితపు ముక్కలన్నిటిని ఏరి, కుట్టి, చేతిలో ఇమిడిపోవు చిన్న పుస్తకము చేసికొని, అందులో సువార్త వాక్యములను జ్ఞాపకమునుండి వ్రాసికొనెను. మూడు వందలకు పైగా వాక్యములు! ఆ చీకటిలో ఆయనకున్న లేఖనము అదే. గ్రంథము లేనిచోట ఆయన మనస్సే గ్రంథమాయెను. లేఖనము లేకుండ బ్రదుకలేమని మన సంఘములు నాలుగు వందల యేండ్లకు పైగా చెప్పుచున్నవి; రోమను బిషప్పు యొకడు తుక్కు కాగితములతో ఆ మాటను క్రియలో చూపెను. మన అలమరలో నాలుగు బైబిళ్లున్నవి. ఫోనులో పది అనువాదములున్నవి. ఫోను లాగికొని, అలమరకు తాళము వేసిన యెడల, మనలో ఎవరి యొద్ద మూడు వందల వాక్యములు మిగులును?

ప్రభు బల్ల సంగతి కూడ కొంచెము. ఇంటివారికి మందు కావలెనని వ్రాయుటకు ఆయనకు అనుమతి యీయబడెను. వారు ఆ మాట యర్థము చేసికొని, కడుపునొప్పి మందు అని చీటి అంటించి చిన్న సీసాలో ద్రాక్షారసమును, టార్చిలైటులో దాచి రొట్టె ముక్కలను పంపిరి. అరచేతిలో మూడు చుక్కల ద్రాక్షారసము, ఒక చుక్క నీరు. అదియే బల్ల, అదియే పాత్ర. తరువాత శిబిరములో, ఏబదిమంది ఒక్క పొడవాటి మంచము మీద పడుకొను చోట, దీపములారిన తరువాత ఆయన వంగి నెమ్మదిగా ఆ సంస్కారము జరిగించి, దోమతెర క్రిందనుండి చేతులమీదుగా రొట్టెను పంపించెను. సిగరెట్టు పెట్టెలోని కాగితముతో చిన్న సంచులు చేసి మిగిలినది భద్రపరచిరి. రొట్టె ద్రాక్షారసములను గూర్చి రోమను సంఘమునకును మనకును గల వ్యత్యాసము చిన్నది కాదు. నేను దానిని చిన్నది చేయను. వెండి పాత్రలును లేసు గుడ్డయు గల బల్లయొద్దకు ఆలస్యముగా వచ్చి త్వరగా పోవు మనము, ఆ అరచేతిని కొంతసేపు చూచుట మాత్రము మేలు.

కావలివారిని గూర్చి ఫిలిప్పీ పత్రిక చదివినవారికి వేరుగా చెప్పనక్కరలేదు. పౌలు సంకెళ్లు ప్రేతోర్యమంతట తెలియవచ్చెను. పత్రిక చివరను కైసరు ఇంటివారు వందనములు పంపుచున్నారు. ఆ వందనములు చెప్పువరకు వారికిని పౌలునకును మధ్య ఎన్ని మాటలు జరిగెనో లూకా కూడ వ్రాయలేదు. వాన్ థువాన్ విషయములో కొంత మనకు తెలియును. మొదట కావలివారు ఆయనతో మాటలాడరైరి. అవునని కాదని మాత్రమే చెప్పిరి. బహుమతి యిచ్చుటకు ఆయన యొద్ద ఏమియు లేదు. ప్రేమించుట యొక్కటియే చేయగలనని తలంచి, తాను చూచిన దేశములను గూర్చి చెప్పుట, ఫ్రెంచి ఇంగ్లీషు భాషలు నేర్పుట ఆరంభించెను. కొన్నాళ్లకు వారు శిష్యులైరి. ఆయన సాంగత్యముచే చెడిపోవుదురని పై అధికారులు పదునైదు దినములకొకసారి కావలివారిని మార్చిరి. తరువాత, ఇట్లయిన యెడల పోలీసులందరును చెడిపోవుదురని మార్చుట మానిరి! నవ్వు తెప్పించు నిర్ణయము.

ఒక కావలివాడు ఆయనను సూటిగా అడిగెను: తమను ఆయన నిజముగా ప్రేమించుచున్నాడా అని. ఆయన అవుననెను. విచారణ లేకుండ ఇన్నేండ్లు చెరలో పెట్టినను ప్రేమించుట ఎట్లని వాడు ఆశ్చర్యపడెను. చంపగోరినను ప్రేమింతునని, యేసు అట్లు నేర్పెనని, అట్లు చేయనియెడల క్రైస్తవుడనిపించుకొనుటకు తాను పాత్రుడను కానని ఆయన ఉత్తరమిచ్చెను. ఇది గ్రహించుట కష్టమని కావలివాడు అనెను. మత్తయి 5:44 మీద నేను చదివిన వ్యాఖ్యానములలో ఆ కావలివాని మాటయంత నిజాయితీ గలది తక్కువ. మనకు అది సులభముగా అర్థమగుచున్నట్లు తోచును, ఏలయనగా దానిని చేయుమని మనలను ఎవరును ఇంకను బలవంతపెట్టలేదు. సంఘపు స్థలము విషయమై కోర్టులో నిలిచిన ఇద్దరు పెద్దలు ఒకే బెంచీమీద కూర్చుండవలసిన ఆదివారమున, ఆ వచనము వియత్నాం కావలివానికి వలెనే వారికిని కఠినముగా కనబడును.

శిబిరములో కట్టెలు కొట్టుచున్నప్పుడు, చిన్న కొయ్య ముక్కతో సిలువ చేసికొననిమ్మని స్నేహితుడైన యొక కావలివానిని ఆయన బ్రతిమాలెను. మతసంబంధమైన గురుతులు నిషిద్ధము. వాడు చూచియు చూడనట్లుండెను. ఆ సిలువను ఆయన సబ్బు ముక్కలో దాచి విడుదల వరకు కాపాడుకొనెను. మరియొక చెరలో ఇంకొక కావలివానిని విద్యుత్ తీగ ముక్క అడిగెను. ఖైదీ తీగ అడిగిన యెడల ఆత్మహత్యకేయని వారికి భయము. గొలుసు చేసికొనుటకని ఆయన చెప్పగా, తీగతో గొలుసెట్లగునని వాడు తర్కించి, చివరకు తీగయు రెండు పటకార్లును తెచ్చి, తానును కూర్చుండి చేయి కలిపెను. కాపలా వాడును ఖైదీయు కలసి లింకు లింకుగా వంచి గొలుసు ముగించిరి. తిక్వా అను మాటకు త్రాడని అర్థము చెప్పునప్పుడెల్ల నాకు ఇప్పుడు ఆ రాగి తీగ కనబడును.

1988 నవంబరు 21న ఆయన వంట చేసికొనుచుండగా కావలివారికి ఫోను వచ్చెను. మంత్రి యొద్దకు ఆయనను తీసికొనిపోయిరి. ఏమి కోరెదవని మంత్రి అడుగగా, స్వాతంత్ర్యము కోరుదుననెను. ఎప్పుడని అడుగగా, ఈ దినమే అనెను. మంత్రి ఆశ్చర్యపడుట చూచి, తాను చాలకాలము చెరలో నుంటిననియు, ముగ్గురు పోపుల కాలమును, సోవియట్ దేశపు నలుగురు ప్రధాన కార్యదర్శుల కాలమును అందులోనే గడచెననియు ఆయన లెక్క చెప్పెను. మంత్రి నవ్వి, కోరిక తీర్చుమని ఆజ్ఞాపించెను. పదమూడేండ్లు కనిపెట్టనివాడు, అడుగవలసిన దినము వచ్చినప్పుడు మాత్రము ఒక్క దినమును ఆలస్యము సహింపలేదు! నిరీక్షణ యనగా కోరిక చచ్చిపోవుట కాదని దీనినిబట్టి గ్రహింపవచ్చును.

విడుదలయైనను సైగోను పీఠము ఆయనకు దక్కలేదు. 1991లో రోమాకు పోయినప్పుడు తిరిగి స్వదేశమునకు రానీయరైరి. 1998లో న్యాయ శాంతుల సభకు అధ్యక్షుడాయెను. 2000 సంవత్సరమున పోపు రెండవ జాన్ పౌలునకును ఆయన పరివారమునకును ఉపవాస దినముల ధ్యానములు చెప్పుటకు పిలువబడెను. అచ్చట ఆయన యేసునందలి "లోపములను" లెక్కించెను. సిలువమీది దొంగ పాపములను మరచిపోవునంత మతిమరపు. ఒక్క గొఱ్ఱెను తొంబది తొమ్మిదింటితో సమానము చేయునంత గణితము రానితనము. ఈ లోపములను బట్టియే ఆయనను వెంబడించితినని చెప్పెను. 2001లో కార్డినల్ ఆయెను. 2002 సెప్టెంబరు 16న పరదేశమందే కన్నుమూసెను. కాపలావానితో కలసి చేసిన ఆ గొలుసునే, ఆ కొయ్య సిలువనే లోహపు తొడుగుతో, ఆయన కడవరకు బిషప్పు సిలువగా మెడలో ధరించెను. 2017లో ఆయన సంఘము ఆయనను పూజ్యుడని ప్రకటించెను. ఆ ప్రకటనల విషయము వారిది. మన పద్ధతి వేరు.

నూతన సంవత్సరపు కేలండరును గోడకు తగిలించునప్పుడు పాతదానిని పారవేయకుడి. సాయంకాలము పిల్లలను కూర్చుండబెట్టి, బైబిలు మూసి, దాని కాగితముల వెనుకప్రక్కన జ్ఞాపకమున్న వాక్యములు వ్రాయించుడి. తెలుగు అక్షరములు రానివారు నాగరి లిపిలో వ్రాయవచ్చును; గోల్ బజార్ పిల్లలకు అది తేలిక. మొదట కంఠత వాక్యములు వచ్చును, తరువాత పాటలలోనివి, తరువాత అమ్మమ్మ తిట్టునప్పుడు వాడినవి. ఎన్ని వచ్చినవో లెక్కపెట్టి, కాగితములను సూదితో కుట్టి, పెద్దలు తమవి కూడ ప్రక్కన పెట్టుదురు గాక. తక్కువైనవి మరుసటి సాయంకాలమున వ్రాయవచ్చును.